కౌంటర్ వెనుక నిలబడే వారి మతాచారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

షోరూములు, హోటళ్లు, సూపర్ మార్కెట్లు, కాల్ సెంటర్లు, డెలివరీ సంస్థల్లో సిబ్బంది వ్యవహారాలు చూసేవారి దగ్గరికి కార్తీకంలో కొన్ని, రంజాన్ ముందు కొన్ని, క్రిస్మస్ ముందు కొన్ని సందేహాలు ఏటా తప్పకుండా వస్తాయి. అడిగేవారు మారతారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఉద్యోగులవీ మేనేజర్లవీ కలిపి ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, దేనికది విడిగా అర్థమవుతుంది.

## ఉద్యోగంలో చేరే ముందు

ఇంటర్వ్యూలో నా మతం అడిగారు. అలా అడగవచ్చా?

అడగకూడదని ప్రైవేటు సంస్థలను నేరుగా కట్టడి చేసే సమగ్రమైన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. అయితే అడగవలసిన అవసరమూ లేదు. చీర మడత విప్పి చూపడానికి, ఫోనులో ఫిర్యాదు రాసుకోవడానికి మతం అర్హత కాదు. ఆదివారాలు పనిచేయగలరా, రాత్రి పది వరకు ఉండగలరా, యూనిఫాం వేసుకోవడానికి ఇబ్బంది ఉందా అన్నవే సంస్థకు తెలియాలి. వాటిని వచ్చిన అభ్యర్థులందరినీ ఒకే తీరుగా అడగాలి. "మీది ఏ మతం?" అని ఎదురైతే "మీరు చెప్పిన వేళలు నాకు కుదురుతాయి" అని మాటను పని వైపు మళ్లించండి. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ మతం కారణంగా వివక్ష చూపడాన్ని రాజ్యాంగంలోని 16వ అధికరణం స్పష్టంగా నిషేధిస్తుంది.

ఆదివారం ఉదయం చర్చికి వెళ్లాలి. ఇంటర్వ్యూలోనే చెప్పాలా, చేరాక చెప్పాలా?

ఉద్యోగం ఖాయమైన తరువాత, నియామక పత్రం మీద సంతకం పెట్టే ముందు చెప్పడం మంచిది. ముందే చెబితే ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేవారు ఉన్నారు. చేరిన రెండో వారంలో చెబితే దాచిపెట్టారన్న అనుమానం వస్తుంది. చెప్పేటప్పుడు "ఆదివారం రాను" అనకండి. "ఆదివారం ఉదయం ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి దుకాణం మూసేదాకా ఉంటాను" అని చెప్పండి. బట్టల దుకాణాల్లో ఆదివారం అసలు రద్దీ సాయంత్రమే కాబట్టి ఈ మాటకు ఒప్పుకునే మేనేజర్లు చాలామంది ఉంటారు.

మత స్వేచ్ఛ నా ప్రాథమిక హక్కు అని ప్రైవేటు షోరూంలో వాదించవచ్చా?

వాదించవచ్చు గానీ, దాని బలం ఎంతో తెలుసుకుని వాదించండి. 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛను ప్రధానంగా ప్రభుత్వం మీదే అమలు చేయించుకోగలం. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే పరిమితులు దానికీ ఉన్నాయి. 1986లో బిజో ఇమ్మానుయేల్ కేసులో, జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, తమ విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న కేరళ పిల్లలను బడి నుంచి పంపివేయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో గడ్డం పెంచుకున్న వైమానిక దళ ఉద్యోగిని తొలగించడాన్ని అదే కోర్టు సమర్థించింది. మొదటిది బడి, రెండోది సాయుధ దళం. వీటిలో ఏదీ నగల దుకాణానికి నేరుగా వర్తించదు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగికి అక్కరకు వచ్చేవి నియామక పత్రం, సంస్థ రాతపూర్వక నియమాలు, రాష్ట్ర దుకాణాల చట్టం. ఈ విషయంలో మన చట్టం పలచగా ఉందని, అది మారాలని నా గట్టి అభిప్రాయం. మారేదాకా సంస్థ నియమావళిలో నాలుగు మంచి వాక్యాలు రాయించుకోవడమే ఉద్యోగికి ఆసరా.

## అడిగేటప్పుడు, వినేటప్పుడు

మాల వేసుకోబోతున్నాను. మేనేజర్‌ను ఎలా అడగాలి?

నోటితో చెప్పాక రాసి కూడా ఇవ్వండి, కనీసం వాట్సాప్‌లోనైనా పంపండి. ఏమి మారుతుంది, ఎన్ని రోజులు, పని ఎలా జరుగుతుంది అనే మూడూ అందులో ఉండాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

"మేనేజర్ గారికి నమస్కారం. నవంబరు 17 నుంచి 41 రోజులు అయ్యప్ప దీక్షలో ఉంటాను. ఆ రోజుల్లో గడ్డం తీయను, నల్ల చొక్కా మీద మన బ్యాడ్జీ పెట్టుకుంటాను. బిల్లింగ్ పని ఎప్పటిలాగే చేస్తాను. భిక్షకు మధ్యాహ్నం ఒంటిగంట విరామం కావాలి, ఆ అరగంట కౌంటర్ చూడటానికి పిల్లల బట్టల విభాగంలోని తోటి ఉద్యోగి ఒప్పుకున్నారు. డిసెంబరు 24 నుంచి 28 వరకు శబరిమల యాత్రకు సెలవు ఇప్పించగలరు."

ఇలాంటి కాగితం చేతిలో ఉంటే మేనేజర్ పైవారికి చూపించి అనుమతి తెచ్చుకోగలుగుతారు. మాల వేసుకున్న రోజు పొద్దున వచ్చి "స్వామి శరణం, ఇదీ సంగతి" అంటే, ఒప్పుకోవాలని ఉన్న మేనేజరుకు కూడా దారి ఉండదు. కనీసం పదిహేను రోజుల ముందు చెప్పండి.

నేను మేనేజర్‌ను. అతనిది నిజమైన భక్తా, సెలవు కోసం నాటకమా అని ఎలా తెలుసుకోవాలి?

తెలుసుకోవడానికి ప్రయత్నించకండి. నిరుడు మాల వేసుకోని మనిషి ఈ ఏడు వేసుకోవచ్చు, జీవితంలో ఏదో జరిగి ఉంటుంది. గురుస్వామి దగ్గర నుంచో పాస్టర్ దగ్గర నుంచో ఉత్తరం తెమ్మనడం మనిషిని చిన్నబుచ్చడమే. మీరు చూడవలసింది పని. అడిగిన మార్పు వల్ల ఏ పని ఆగుతుంది, దాన్ని ఎవరు చేస్తారు, భద్రతకు ముప్పు ఉందా? సెలవు దుర్వినియోగం అవుతోందన్న అనుమానం ఉంటే హాజరు పట్టీ చూడండి. ఏ కారణంతో సెలవు తీసుకున్నా వర్తించే నియమం అదే.

ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు కదా?

అడగనివ్వండి. ముప్పై మంది ఉన్న షోరూంలో దీక్షలు, ఉపవాసాలు, ఆరాధనలు అన్నీ ఒకే వారంలో రావు. ఆటంకం వచ్చేది అడిగినవారి సంఖ్య వల్ల కాదు, ఒక్కొక్కరికి ఒక్కో న్యాయం జరిగినప్పుడు. నల్ల చొక్కాకు నవ్వుతూ ఒప్పుకున్న మేనేజరు మరుసటి నెలలో తలకు కట్టే స్కార్ఫ్‌కు "యూనిఫాం అంటే యూనిఫామే" అన్నాడంటే, ఆ రోజుతో సిబ్బందిలో నమ్మకం పోతుంది. ప్రతి అభ్యర్థననూ, మీరు ఇచ్చిన జవాబునూ, దాని కారణాన్నీ ఒక రిజిస్టరులో రాసి పెట్టండి. తరువాతి అభ్యర్థన వచ్చినప్పుడు ఆ పేజీ తిరగేసి చూడండి.

## వేషధారణ

దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. షోరూంలో ఒప్పుకోవాలా?

అమ్మకాల అంతస్తులో, బిల్లింగ్ కౌంటర్‌లో, హెల్ప్ డెస్క్‌లో ఒట్టి కాళ్లతో నిలబడితే ఎవరికీ నష్టం లేదు. గోదాములో, లోడింగ్ దగ్గర, సలసలా కాగే నూనె ఉన్న వంటగదిలో ఒప్పుకోకూడదు. ట్రాలీ చక్రం ఎక్కినా గాజు పెంకు గుచ్చుకున్నా ఆ ప్రమాదానికి సంస్థే జవాబుదారీ. అలాంటి చోట పనిచేసే స్వామికి ఆ 41 రోజులు కౌంటర్ పని అప్పగించి, కౌంటర్‌లోని ఒకరిని గోదాముకు పంపవచ్చు. దుస్తుల విషయంలో చాలామంది గురుస్వాములు పని వేళల్లో యూనిఫాం వేసుకోవడానికి అభ్యంతరం చెప్పరు. కాబట్టి ఉద్యోగి కూడా ముందు తన గురుస్వామిని అడగడం మంచిది. ఎర్ర బట్టల భవానీ దీక్షకూ, కాషాయ వస్త్రాల హనుమాన్ దీక్షకూ ఇదే పద్ధతి పాటించండి.

నగల దుకాణంలో పనిచేస్తాను. మా విశ్వాసంలో నగలు, బొట్టు పెట్టుకోము. తప్పనిసరిగా పెట్టుకోవాలంటున్నారు. ఏమి చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది పెంతెకొస్తు సంఘాలకు చెందిన అక్కచెల్లెళ్లు. దుకాణం వాదన కూడా ముందు వినాలి. గాజుల విభాగంలో చేతికి గాజు వేసి చూపితేనే కొనుగోలుదారుకు నప్పిందో లేదో తెలుస్తుంది. అక్కడ నగ వేసుకోవడం పనిలో భాగం, దాన్ని కాదనడం కష్టం. అలాగని దుకాణంలోని పనులన్నీ అలాంటివి కావు. వెండి సామాను, బంగారు నాణేలు, పొదుపు పథకాల కౌంటర్, తూకం, బిల్లింగ్, మరమ్మతుల స్వీకరణలో ఒంటి మీద నగతో పనిలేదు. ఆ విభాగాల్లోకి మార్చమని అడగండి. గాజుల విభాగంలోనే ఉండవలసి వస్తే మెడ ఆకారపు బొమ్మ మీదో, వెల్వెట్ దిండు మీదో, కొనుగోలుదారు చేతికే వేసో చూపిస్తానని చెప్పండి. ఎలాగూ కొనేవారు తమ చేతికి వేసుకునే చూస్తారు.

బొట్టు సంగతి వేరు. బొట్టు లేనంత మాత్రాన అమ్మకంలో ఏ పనీ ఆగదు. "మా దుకాణం సంప్రదాయం" అనే యజమానులకు నా మాట ఒకటే. మీ సంప్రదాయాన్ని గుమ్మానికి తోరణం కట్టి, గడపకు పసుపు రాసి చూపండి. ఇంకొకరి నుదుటి మీద చూపకండి.

హిజాబ్‌తో రిసెప్షన్‌లో కూర్చోవచ్చా? కోర్టు నిషేధించింది అంటున్నారు.

కోర్టు ముందున్న కేసు ఉద్యోగాలది కాదు. కర్ణాటక విద్యాసంస్థల్లో హిజాబ్ ఆంక్షను ఆ రాష్ట్ర హైకోర్టు 2022 మార్చిలో సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు ఒకరికొకరు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. దాన్ని చూపించి రిసెప్షనిస్టును ఆపడం పొరపాటు. ముఖం కనిపించే హిజాబ్ యూనిఫాం రంగులో ఉంటే ఏ పనికీ అడ్డు రాదు, సంస్థే ఆ రంగు గుడ్డ కుట్టించి ఇస్తే ఇంకా మంచిది. ముఖం కప్పే నిఖాబ్‌తో కొనుగోలుదారుతో ఎదురెదురుగా మాట్లాడే పని అయితే, గుర్తింపు, మాట స్పష్టత అనే ప్రశ్నలు న్యాయంగానే వస్తాయి. అప్పుడు ఫోను, చాట్ విభాగాల పని అడిగి చూడండి.

హోటల్ వంటగదిలో గడ్డం, చేతి దారం, తాయెత్తు ఉండవచ్చా?

ఆహార భద్రతా నిబంధనలే ఇక్కడ కొలత. వదులుగా ఉండి ఆహారంలో పడగల నగలు వద్దని అవి చెబుతాయి. గడ్డానికి వల తొడుగు, తలకు టోపీ పెట్టుకుంటే సమస్య తీరుతుంది. మణికట్టు దారం తడిసి మురికి పడుతుంది కనుక పొడవు చేతుల తొడుగు వేయించండి, లేదా దారాన్ని భుజం దగ్గరకు జరిపి కట్టుకోమనండి. తాయెత్తు చొక్కా లోపల ఉంటే చాలు. ఈ నియమం పెళ్లి ఉంగరాలకూ చేతి గడియారాలకూ కూడా వర్తింపజేస్తేనే న్యాయం.

సిక్కు డెలివరీ ఉద్యోగి హెల్మెట్ పెట్టుకోకపోతే కంపెనీకి ఇబ్బందా?

మోటారు వాహనాల చట్టం 1988లోని 129వ సెక్షన్ తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. యాప్‌లో హెల్మెట్ ఫొటో అడిగే పద్ధతి ఉంటే అలాంటివారి కోసం దాన్ని మార్చవలసింది సంస్థే.

## వేళలు, సెలవులు

రంజాన్‌లో మా దుకాణానికి అసలు గిరాకీ సాయంత్రమే. ఇఫ్తార్‌కు ఎలా వదలాలి?

హైదరాబాద్ పాతబస్తీ దుకాణాలకు ఇది ఏనాడో తెలిసిన విద్య. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రంజాన్ వస్తే నగరంలో ఇఫ్తార్ ఆరుంపావు, ఆరున్నరల మధ్య పడుతుంది. ఆ వేళకు పది నిమిషాల ముందు ఉపవాసం లేని సిబ్బందిని కౌంటర్లలోకి తేవాలి. ఖర్జూరం, మంచినీళ్లు, పండ్ల ముక్కలు వెనుక గదిలో సిద్ధంగా ఉంటే ఉపవాసం విడిచి మగ్రిబ్ నమాజు చేసుకుని రావడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. పాతబస్తీలో కొనేవారిలోనూ చాలామంది ఆ వేళ ఇఫ్తార్‌లోనే ఉంటారు, రద్దీ కాస్త తగ్గుతుంది.

పగటి షిఫ్టు గురించి కూడా ఆలోచించండి. తెల్లవారకముందే సహరీకి లేచిన మనిషికి మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు ఓపిక సన్నగిల్లుతుంది. బరువులు ఎత్తే పని, కోపంగా వచ్చే ఫిర్యాదుదారులతో మాట్లాడే పని ఉదయానికి మార్చండి. మధ్యాహ్న భోజన విరామం వారికి అక్కరలేదు కనుక, చట్ట ప్రకారం ఎలాగూ ఇవ్వవలసిన ఆ విరామాన్ని వారు ఒప్పుకుంటే సాయంత్రానికి జరపండి. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి పట్టీని అలాగే వాడకండి.

ప్రభుత్వం రంజాన్‌లో గంట ముందు వదలమని ఉత్తర్వు ఇచ్చింది కదా, మాకూ వర్తిస్తుందా?

తెలంగాణలో ముస్లిం ప్రభుత్వ ఉద్యోగులకు రంజాన్ నెలలో సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లే వెసులుబాటు ఇస్తున్నారు. అలాంటి ఉత్తర్వు ప్రైవేటు షోరూములను, కాల్ సెంటర్లను కట్టడి చేయదు. ఆ ఉత్తర్వును ఉదాహరణగా చూపించి అడగవచ్చు, హక్కుగా మాత్రం అడగలేరు.

శుక్రవారం జుమ్మాకు కాల్ సెంటర్‌లో గంట విరామం ఇవ్వరు. దారి ఏమిటి?

జుమ్మా సాధారణంగా మధ్యాహ్నం ఒకటి, రెండు గంటల మధ్య, దగ్గరి మసీదును బట్టి ఉంటుంది. ఒకే ప్రాంతంలో ఒక మసీదులో ఒంటిగంటకు, ఇంకో మసీదులో ఒకటిన్నరకు జరగవచ్చు. ఇద్దరు ఉద్యోగులు చెరొక మసీదుకు వెళ్తే కాల్స్ ఆగవు. శుక్రవారం రెండు టీ విరామాలు వదులుకుని భోజన విరామంతో కలిపి తీసుకుంటానని అడగండి. రోజువారీ నమాజులకు అయిదు నుంచి పది నిమిషాలు చాలు. ఆ నిమిషాలను "అనధికార విరామం" కింద లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే, మేనేజరు దానిలో ఒక ప్రత్యేక విరామ రకాన్ని పెట్టించాలి. లేకపోతే మనిషి చేసిన మంచి ఏర్పాటును యంత్రం నెలాఖరులో జీతం కోతగా మారుస్తుంది.

దసరా, దీపావళికి మాకే సెలవు ఉండదు. అన్యాయం కాదా?

అమ్మకాల ఉద్యోగాల్లో ఇది చాలామంది బాధ. ధన త్రయోదశికి నగల దుకాణంలోనూ, దసరాకు బట్టల దుకాణంలోనూ అందరికీ సెలవు కుదరదు. పూజ ఉదయం ఇంట్లో చేసుకుని పన్నెండుకు వచ్చేలా సగం మందికి, సాయంత్రం దీపాల వేళకు ఇల్లు చేరేలా మిగతా సగానికి షిఫ్టు వేయవచ్చు. పండుగల మార్పిడి ఇంకా మంచి పద్ధతి. దీపావళి రోజు నిలబడిన ముస్లిం, క్రైస్తవ ఉద్యోగులకు బక్రీద్, క్రిస్మస్ రోజుల్లో ముందు హక్కు ఇవ్వండి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న ఐచ్ఛిక సెలవుల విధానాన్ని ప్రైవేటు సంస్థలు కూడా పెట్టుకోవచ్చు, ఎవరి పండుగ వారు ఎంచుకుంటారు.

శనివారం అసలు పనిచేయకూడదన్న విశ్వాసం నాది. ఎవరూ ఒప్పుకోవడం లేదు.

సెవెంత్ డే అడ్వెంటిస్టులకు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా విశ్రాంతి దినం. దుకాణాల చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఎలాగూ ఉంటుంది. ఆ రోజు శనివారంగా పెట్టమని అడగండి, బదులుగా అన్ని ఆదివారాలూ వస్తానని చెప్పండి. ఆదివారం కోసం పోటీపడే మిగతా సిబ్బంది సంతోషంగా ఒప్పుకుంటారు. చిక్కు శుక్రవారం సాయంత్రం షిఫ్టుతో వస్తుంది కనుక ఆ రోజు ఉదయం షిఫ్టు అడగండి.

## చేసే పని గురించి

మద్యం గ్లాసు పట్టుకోను, పంది మాంసం వడ్డించను. రెస్టారెంట్‌లో పని దొరుకుతుందా?

బార్ ఉన్న రెస్టారెంట్‌లో స్టీవార్డుగా చేరి, మద్యం ముట్టనంటే పనిలో సగం వదిలినట్లే. సంస్థ కాదంటే తప్పు పట్టలేము. అదే రెస్టారెంట్‌లో బిల్లింగ్, టేబుల్ బుకింగ్, ఉదయపు ఫలహారాల విభాగం ఉంటాయి, వాటిని అడగండి. సూపర్ మార్కెట్ క్యాషియరుకు రోజులో ఎప్పుడో ఒకసారి అలాంటి ప్యాకెట్ వస్తుంది. పక్క కౌంటర్ వారు దాన్ని స్కాన్ చేస్తే పోతుంది. మొత్తం పనిలో అది ఎంత భాగమో చూసి నిర్ణయించాలి. ఒక్కటి మాత్రం ఉద్యోగి గుర్తుంచుకోవాలి. కొనుగోలుదారు ముందు ముఖం చిట్లించకూడదు, వారి తిండిని విమర్శించకూడదు.

రోజూ దుకాణం తెరవగానే హారతి. నేను పాల్గొనకపోతే యజమానికి కోపం. ఏమి చేయాలి?

యజమాని తన దుకాణంలో పూజ చేసుకోవడం ఆయన ఇష్టం. ఆ వేళ మాట్లాడకుండా, ఫోను చూడకుండా మర్యాదగా నిలబడటం ఉద్యోగి చేయగలిగినది. హారతి కళ్లకు అద్దుకోమని, ప్రసాదం తినమని, ఆయుధ పూజనాడు కంప్యూటర్‌కు కుంకుమ పెట్టమని బలవంతం చేస్తే అది ఉద్యోగ విధి కిందకు రాదు. యజమానికి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి: "అయ్యా, మీ పూజ అంటే నాకు గౌరవం ఉంది. నా నమ్మకం వేరు. ఆ పది నిమిషాలు నేను షట్టర్ దగ్గర చూసుకుంటాను." నలుగురిలో చెబితే ఆయనకు పట్టుదల వస్తుంది. ప్రార్థనతో మొదలయ్యే క్రైస్తవ ఆసుపత్రుల రిసెప్షన్‌లో పనిచేసే హిందూ ఉద్యోగుల ప్రశ్న కూడా ఇదే, జవాబూ ఇదే.

కస్టమర్‌ను "ప్రైజ్ ది లార్డ్" అనో "జై శ్రీరామ్" అనో పలకరిస్తే తప్పా?

వచ్చినవారు అలా పలకరిస్తే అదే మాటతో బదులివ్వడంలో తప్పు లేదు. మీరుగా మొదలుపెట్టకండి. "నమస్కారం" అందరికీ సరిపోతుంది. వైద్యం కోసమో అప్పు కోసమో బాధతో వచ్చిన మనిషికి కౌంటర్ దగ్గర మత బోధ చేయడం, కరపత్రం ఇవ్వడం మాత్రం కూడదు. వారు అక్కడి నుంచి లేచి వెళ్లలేని స్థితిలో ఉన్నారు.

## కస్టమర్ అభ్యంతరం చెప్పినప్పుడు

"వేరే మతం వాడిని పంపారు, మార్చండి" అని కస్టమర్ అంటే ఏమనాలి?

మార్చకండి. 2019 జులైలో జబల్‌పూర్‌లో ఒక వినియోగదారు, డెలివరీకి వస్తున్న వ్యక్తి హిందువు కాదని జొమాటో ఆర్డరును రద్దు చేసుకున్నాడు. ఆహారానికి మతం లేదని ఆ సంస్థ బహిరంగంగానే జవాబు చెప్పింది. అదే సంస్థ 2024 మార్చిలో శాకాహార ఆర్డర్లకు పచ్చ దుస్తుల ప్రత్యేక దళాన్ని ప్రకటించి, దుస్తులను బట్టి డెలివరీ సిబ్బందిని వేరు చేసి ఇబ్బంది పెడతారన్న విమర్శలతో పచ్చ దుస్తులను మరునాడే ఉపసంహరించుకుంది. ఈ రెండూ మేనేజర్లు గుర్తుంచుకోదగ్గవి.

కౌంటర్ దగ్గర ఇలా అనండి: "మా దగ్గర ఈ విభాగం బాగా తెలిసినవారు ఈయనే. ఈయన చూపిస్తారు." అయినా ఒప్పుకోకపోతే ఆ అమ్మకం పోనివ్వండి. ఆ ఉద్యోగిని వెనుక గదికి పంపారంటే మిగతా ఇరవై మంది చూస్తూనే ఉంటారు.

మాల వేసుకున్న ఉద్యోగి గడ్డం చూసి "శుభ్రంగా లేడు" అని ఫిర్యాదు వచ్చింది. ఏమి చేయాలి?

ఫిర్యాదును విడదీసి చూడండి. చెమట వాసన, మాసిన బట్టలు అయితే ఎవరికైనా చెప్పినట్లే విడిగా, మెల్లగా చెప్పండి. దీక్షలో ఉన్నవారు రెండు పూటలా తలస్నానం చేస్తారు కాబట్టి అది అరుదు. గడ్డం నచ్చకపోవడమే ఫిర్యాదు అయితే "ఆయన దీక్షలో ఉన్నారండీ" అన్న ఒక్క మాట చాలు. తెలుగు నేల మీద ఆ మాటకు మళ్లీ ఎదురు ప్రశ్న వేసేవారు అరుదు.

నా విశ్వాసం ప్రకారం కొందరు కస్టమర్లకు సేవ చేయలేను అంటే ఒప్పుకోవాలా?

ఒప్పుకోకూడదు. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రావడానికి మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగం చెబుతుంది. ఇది ప్రైవేటు దుకాణాలకూ వర్తిస్తుంది. ఒక వస్తువును తాకనని అడిగితే ఆలోచించవచ్చు. ఒక మనిషికి అమ్మనంటే ఆ మాటకు చోటే లేదు.

## తేడా వస్తే

గడ్డం తీయనన్నందుకు ఉద్యోగం నుంచి తీసేశారు. ఎక్కడికి వెళ్లాలి?

ముందు కాగితాలు పోగు చేయండి: నియామక పత్రం, మీరు పంపిన అభ్యర్థన, వచ్చిన జవాబు, జీతం స్లిప్పులు, తొలగింపు ఉత్తర్వు. నోటిమాటగా తీసేస్తే "మీరు ఫలానా తేదీన నన్ను రావద్దన్నారు, కారణం రాసి ఇవ్వగలరు" అని ఈమెయిల్ పంపి దాచుకోండి. తెలుగు రాష్ట్రాల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలకు పైగా నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తొలగించరాదు, నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. నియామక పత్రంలో గడ్డం గురించి ఏమీ లేకపోతే మీ వాదన బలపడుతుంది, ఉంటే బలహీనపడుతుంది. సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవండి అని ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇందుకే.

తోటి ఉద్యోగులు నా ఉపవాసాన్ని ఎగతాళి చేస్తున్నారు. చిన్న విషయమని వదిలేయాలా?

ఉపవాసం ఉన్న మనిషి ముందు బిర్యానీ పొట్లం విప్పి "ఒక్క ముద్ద తిను" అనడం ఒకసారి సరదా కావచ్చు, రోజూ చేస్తే వేధింపే. మొదట వారికే సూటిగా చెప్పండి, ఆగకపోతే తేదీలతో రాసి మేనేజరుకు ఇవ్వండి. మత విశ్వాసాలను గాయపరిచే ఉద్దేశంతో మాట్లాడటం భారతీయ న్యాయ సంహిత 302వ సెక్షన్ కింద నేరం. పోలీసు స్టేషను దాకా వెళ్లే ముందు సంస్థలోనే తేల్చుకోవడం అందరికీ మేలు, కానీ ఆ సెక్షన్ ఉందని మేనేజరుకు తెలిసి ఉండాలి.

## విదేశాల్లో పనిచేసే తెలుగువారికి

అమెరికాలో స్టోర్‌లో పనిచేస్తున్నాను. అక్కడ చట్టం ఏమంటుంది?

అక్కడ ఉద్యోగికి చాలా బలమైన రక్ష ఉంది. పదిహేను మంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలకు 1964 పౌర హక్కుల చట్టంలోని ఏడో భాగం వర్తిస్తుంది. ఉద్యోగి మతాచారానికి వీలైన సర్దుబాటు చేయాలని 1972 సవరణ చెప్పింది. 1977 నాటి హార్డిసన్ తీర్పు తరువాత, స్వల్పమైన ఖర్చు చూపించి కూడా యజమానులు తప్పించుకునేవారు. 2023 జూన్ 29న గ్రాఫ్ కేసులో అది మారింది. ఆదివారం డెలివరీలు చేయలేనన్న పెన్సిల్వేనియా తపాలా ఉద్యోగి కేసు అది. తన వ్యాపారానికి గణనీయమైన అదనపు భారం పడుతుందని యజమాని చూపించాలని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. తోటివారికో కొనుగోలుదారులకో ఆ మతం నచ్చకపోవడం భారం కిందకు రాదు.

2015లో ఓక్లహోమాలోని టల్సాలో, హిజాబ్ కారణంగా బట్టల దుకాణంలో ఉద్యోగం రాని యువతి పక్షాన తీర్పు వచ్చింది. "మా దుకాణపు రూపానికి తలగుడ్డ సరిపోదు" అన్న అబెర్‌క్రాంబీ సంస్థ వాదన నిలవలేదు. ఫిర్యాదు చేయడానికి గడువు 180 రోజులు, రాష్ట్ర సంస్థ కూడా ఉన్న చోట 300 రోజులు. పనిచేసే అనుమతితో ఉన్న వీసాదారులకూ ఈ రక్షణ ఉంది.

ఇంగ్లండ్, యూరప్‌లలో కౌంటర్ దగ్గర సిలువ, హిజాబ్ పెట్టుకోవచ్చా?

ఇంగ్లండ్‌లో సమానత్వ చట్టం 2010 మత వివక్షను నిషేధిస్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెక్ ఇన్ ఉద్యోగిని మెడలో సిలువ కనిపించకూడదన్నారు. 2013 జనవరిలో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన నిలిచింది. అదే తీర్పులో, ఆసుపత్రి వార్డులో సిలువ గొలుసు వద్దన్న యాజమాన్యం మాట నెగ్గింది, కారణం రోగుల భద్రత. యూరోపియన్ యూనియన్‌లో 2017 తీర్పుల ప్రకారం, ఏ మత చిహ్నమూ వద్దన్న నియమం అందరికీ సమానంగా ఉంటే నిలబడవచ్చు. ఒక కస్టమర్ హిజాబ్ వద్దన్నాడని ఉద్యోగిని తీసేయడం మాత్రం చెల్లదు.

గల్ఫ్‌లో హోటల్ పని. నేను హిందువును. రంజాన్‌లో నాకూ పని గంటలు తగ్గుతాయా?

ఎమిరేట్స్‌లో తగ్గుతాయి. రంజాన్ నెలలో రోజుకు రెండు గంటల తగ్గింపు మతంతో సంబంధం లేకుండా ప్రైవేటు ఉద్యోగులందరికీ ఉంటుంది. సౌదీలో రోజుకు ఆరు గంటల పరిమితి ముస్లిం ఉద్యోగులకు మాత్రమే. అక్కడ ఉన్నప్పుడు పగటివేళ బయట అందరి ముందు తినడం, తాగడం మానండి, సంస్థ కేటాయించిన గదిలో తినండి. తగ్గించిన గంటలకు మించి పని చేయిస్తే ఆ అదనపు గంటలను తేదీలతో సహా మీ ఫోనులో రాసి పెట్టుకోండి, జీతం తేడా వచ్చినప్పుడు కార్మిక శాఖకు చూపించడానికి పనికొస్తుంది.